ఢావ్లో పాడితే పెళ్లి ఆగలేదు

పండుగ సెలవులు అయిపోయిన మర్నాడు పెబ్బేరు బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, మేము ఈ వ్యాసంలో చెప్పబోయేది కళ్ల ముందే కనిపిస్తుంది. హైదరాబాదు పనులకు పోయే తల్లిదండ్రులు ఒక పక్క, హాస్టళ్లకూ గురుకులాలకూ తిరిగిపోయే పిల్లలు ఇంకో పక్క. పిల్లల కాళ్ల దగ్గర ఇనుప పెట్టెలు, అప్పాల డబ్బాలు. తల్లి బస్సెక్కేదాకా చిన్నపిల్ల ఏడవదు. బస్సు కదిలి పెద్దరోడ్డు ఎక్కినంక ఏడుస్తుంది. అప్పుడు అదే తండా నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల ఆ చిన్నదాని భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్వకే, నేనున్న గదా" అంటుంది. తన ముక్కు తుడుచుకుని, తర్వాత చిన్నదాని ముక్కు తుడుస్తుంది.

ఆ పెద్దపిల్లకు ఈ పని ఎవరూ అప్పజెప్పలేదు. జీతం లేదు, శిక్షణ లేదు, మెచ్చుకోలు లేదు. రాత్రి డార్మిటరీలో దీపాలు ఆర్పినంక కూడా ఆమె ఇదే పని చేస్తుంది. మొదటిసారి బయట చేరినప్పుడు గుడ్డ ఎట్లా పెట్టుకోవాలో చెప్పేది ఆమే. తక్కువ మార్కులు వచ్చిన పిల్లను నవ్వించేది ఆమే. అన్నం తినని పిల్ల పళ్లెం ముందు కూర్చునేది ఆమే. మేమంతా పాలమూరు తండాల నుంచి హాస్టళ్లకు పోయి చదువుకున్నవాళ్లం. అట్లాంటి ఒక అక్కో, ఒక అన్నో లేకుంటే మాలో సగం మంది ఏడో తరగతి దాటకపోదుము. ఈ మాట ముందే ఒప్పుకుని విమర్శ మొదలుపెడుతున్నాం.

ఈమధ్య ఈ పనికి పెద్ద పేర్లు వచ్చాయి. పీర్ సపోర్ట్ అంటున్నారు, పీర్ ఎడ్యుకేటర్ అంటున్నారు. ఈడొచ్చిన పిల్లలు ఒకరి మనసును ఒకరు కాచుకోవడాన్ని పథకాలు మెచ్చుకుంటున్నాయి, పత్రికలు మెచ్చుకుంటున్నాయి. మాకు ఆ మెచ్చుకోలు దగ్గరే అనుమానం. చిన్నపిల్ల భుజం మీద పెద్దపిల్ల చెయ్యి ఉంది. పెద్దపిల్ల భుజం మీద ఎవరి చెయ్యి ఉంది? ఈ ప్రశ్న పట్టుకుని మూడు రకాల రాతలను చూడాలనుకుంటున్నాం: సర్కారు పథకాల కాగితాలు, హాస్టల్ గోడల మీది రాతలు, చివరగా మా సాహిత్యం.

ముందుగా మా ఇంటి సంగతి. ఈడు పిల్లలు కలిసి బాధ మోసుకోవడం మాకు ఏ పథకమో నేర్పిన విద్య కాదు. శ్రావణమాసంలో మా తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు తీజ్ చేస్తారు. నాయక్ అనుమతి తీసుకుని బుట్టల్లో మన్ను, ఎరువు పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. బుట్ట ఎవరిది వారిదే. నీళ్లకు పోయేది, పాడేది, ఆడేది అందరూ కలిసి. ఆఖరి రోజు ఆ మొలకలను నీళ్లలో విడిచేటప్పుడు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. వచ్చే ఏడు ఈ గుంపులో ఎవరుంటారో, ఎవరు అత్తగారింటికి పోతారో తెలియదు. ఆ ఏడుపును తండా అంతా నిలబడి చూస్తుంది. అన్నదమ్ములు ఓదారుస్తారు. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ తిట్టరు.

ఇంకా లోతైనది ఢావ్లో. పెళ్లై పోయే అమ్మాయి తల్లిని, అక్కచెల్లెళ్లను, స్నేహితురాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని పాడే ఏడుపుపాట అది. పెద్ద ఆడవాళ్లు ముందునుంచే ఆ పాట నేర్పుతారు. ఏడుపును కూడా నేర్పాలని, దానికి ఒక వరస, ఒక చోటు, పట్టుకోవడానికి ఒక మెడ ఉండాలని తెలిసిన సమాజం మాది. రమేశ్ కార్తీక్ నాయక్ తన గోర్ బంజారా కథల సంపుటికి 'ఢావ్లో' అని పేరు పెట్టారు. 2024లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరుతోనే ఈ మాట తండా దాటి చాలామంది తెలుగు పాఠకుల చెవిన పడింది. మాకు అది గర్వమే.

కానీ గర్వపడి ఊరుకుంటే అది విమర్శ కాదు. ఢావ్లో పాడితే ఏ పెళ్లీ ఆగలేదు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల గుండె పగిలేటట్టు పాడింది, చుట్టూ ఉన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆ తర్వాత ఆమెను పంపేశారు. పాట ఎంత బాగా పాడితే అంత మెచ్చుకున్నారు. ఏడవడానికి ఆమెకు అనుమతి ఉంది, వద్దనడానికి లేదు. తీజ్‌లో కూడా ఇదే గుణం ఉంది. శనగలను రేగుముళ్లకు గుచ్చేటప్పుడు బావ వరసైన మగపిల్లలు కొమ్మ ఊపుతారు; ముల్లు దిగినా ఆడపిల్ల ఓర్చుకుని గుచ్చాలి. అందరూ నవ్వుకునే ఆటే. ఆ ఆటలో పిల్ల నేర్చుకునేది మాత్రం ఓర్చుకోవడం.

కాబట్టి ఏ ఓదార్పునైనా మేము రెండు ప్రశ్నలతో కొలుస్తాం. పిల్ల ఏడవడానికి అక్కడ చోటుందా? ఆ ఏడుపు విన్న తర్వాత ఏదైనా మార్చగలిగిన మనిషి అక్కడ ఉన్నారా? మొదటిది ఉండి రెండోది లేకపోతే అది ఢావ్లోనే. అందమైనదే, ఆప్యాయమైనదే, కానీ పిల్లను పంపేసేదే.

ఇప్పుడు పథకాల దగ్గరకు పోదాం. రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమాన్ని కేంద్రం 2014 జనవరి 7న మొదలుపెట్టింది. 10 నుంచి 19 ఏళ్ల వారికోసం పెట్టిన ఈ పథకంలో పోషణ, మత్తు అలవాట్లు, హింస వంటి ఆరు విషయాలున్నాయి. మానసిక ఆరోగ్యం అందులో ఒకటి. ఊళ్లో ఇద్దరు అమ్మాయిలను, ఇద్దరు అబ్బాయిలను ఎంచి, శిక్షణ ఇచ్చి, తోటివారితో మాట్లాడే పని అప్పజెప్పాలని అందులో రాశారు. వాళ్లకు సాథియా అని పేరు. 2017లో వాళ్లకోసం ఒక సంచి, పుస్తకాలు, ఆటల సామాను కూడా తయారు చేశారు. ఈడు పిల్లలు పెద్దలకంటే ముందు ఈడువాళ్లతోనే మాట్లాడతారని ఒక సర్కారు కాగితం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. దానికి మా మెప్పు ఉంది.

లోపం ఎక్కడంటే, ఆ కాగితం పిల్ల ఊళ్లోనే ఉంటుందని అనుకుంది. మా పిల్లలు ఐదో తరగతి నుంచే గురుకులంలో ఉంటారు. తండాకు వచ్చేది దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు. తల్లిదండ్రులు హైదరాబాదుకో, పుణె, బొంబాయి వైపో పనికి పోతే సెలవుల్లో కూడా ఇల్లు తాళమే, లేదా ముసలమ్మ ఒక్కతే. 2018లో తెలంగాణలో చాలా తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మాకంటూ ఒక ఆఫీసు, ఒక బోర్డు వచ్చాయి. కానీ పంచాయతీ లెక్కలో ఉన్న పిల్ల పంచాయతీలో లేదు. ఊళ్లో సాథియా ఉన్నా, ఆమె మాట్లాడాల్సిన పిల్లలు వేరే మండలంలో ఒక ప్రహరీగోడ వెనక ఉన్నారు. వలస మీద బతికే జిల్లాకు, ఊరు కదలని జిల్లాకు ఒకే కొలత పెట్టి కుట్టిన అంగీ ఇది.

బడిలో ఏం చేశారు? 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం తెచ్చి, ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య రాయబారులని పేరిచ్చారు. టీచర్ల మీద మాకు గౌరవం ఉంది. మాలో కొందరం టీచర్లమే. కానీ మార్కులు వేసేవాళ్లూ, తప్పు చేస్తే ఇంటికి కబురు పంపేవాళ్లూ, మనసు విప్పి చెప్పుకోవాల్సిన వాళ్లూ ఒక్కరే అయితే పిల్ల ఏం చెప్పుకుంటుంది? ఇది మా ఊహ మాత్రమే కాదు. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 సర్కారు హైస్కూళ్లలో సెహర్ అనే ప్రయోగం జరిగింది. 2018లో లాన్సెట్ పత్రిక దాని ఫలితాలను అచ్చువేసింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బళ్లలో టీచర్లు నడిపారు. కొన్ని బళ్లలో ఈ పనికోసమే పెట్టిన మామూలు మనుషులు నడిపారు. వాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ పొందినవాళ్లు అంతే. వాళ్లను మిత్ర అని పిలిచారు. మిత్ర ఉన్న బళ్లలో బడి వాతావరణం బాగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది, ఒకరినొకరు వేధించుకోవడం తగ్గింది. టీచర్లు నడిపిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

మాకు ఇందులో కనిపించిన నీతి టీచర్లు పనికిరారని కాదు. పిల్లల మనసు చూసే పని ఒక పని. దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి, సమయం కావాలి. పాఠాలు చెప్పేవాళ్ల మీద దాన్ని అదనపు డ్యూటీగా వేస్తే అది జరగదు. టీచర్ మీద వేస్తేనే జరగని పని, పదిహేనేళ్ల పిల్ల మీద వేస్తే జరుగుతుందా?

ఇక గోడల మీది రాతలు. హాస్టల్ గోడల మీద మనసు గురించి రాసే మాటలు ఎక్కువగా ఒక్క తీరుగానే ఉంటాయి. ఒత్తిడిని జయించు. నిరాశ వద్దు. కష్టపడితే అసాధ్యం లేదు. అన్నీ ఆజ్ఞలే. వినే వాక్యం ఒక్కటీ ఉండదు. డిప్రెషన్, యాంగ్జైటీ, కౌన్సెలింగ్ అనే మాటలు తెలుగు లిపిలో ఉన్నా మా పిల్లల నోట్లో లేవు. గోర్‌బోలీ మాట్లాడే పిల్ల బడిలో తెలుగు నేర్చుకుంది, ఆపైన ఇంగ్లీషు మీడియంలో పడింది. ఆమెకు బాధ కలిగేది మొదటి భాషలో, చెప్పమనేది మూడో భాషలో. ఈ నేల మీది తెలుగులోనే ఎన్ని మాటలు లేవు! రంది పెట్టుకున్నది అంటాం. బుగులు అయితున్నది అంటాం. యాష్టకొచ్చింది, పానం నిమ్మళం లేదు, మనసున పడ్తలేదు అంటాం. రంది అంటే ఉత్త దుఃఖం కాదు. ఒక మనిషి కోసమో, ఒక ఇంటి కోసమో లోపల తినేస్తున్న దిగులు. హాస్టల్ పిల్ల జబ్బుకు అంతకంటే సరైన పేరు ఏ డాక్టరూ పెట్టలేడు. ఆ మాటను ఏ గోడ మీదా మేము చూడలేదు.

రిజిస్టర్ల భాష కూడా చూడండి. నల్లమల చెంచుపెంట నుంచి వచ్చిన పిల్లవాడు హాస్టల్‌లో ఉండలేక అడవిదారి పట్టి ఇంటికి నడిచిపోతే, రిజిస్టర్‌లో పారిపోయాడు అని రాస్తారు. కొన్ని నెలలు పోతే బడి మానేసినవాడు అవుతాడు. వాడు పారిపోలేదు, ఇంటికి పోయాడు. ఎందుకు పోయాడని అడగడానికి రిజిస్టర్‌లో గడి లేదు. వాడు గోడ దూకే ముందు రాత్రి పక్క మంచం పిల్లవాడితో మాత్రం చెప్పి ఉంటాడు. పొద్దున వార్డెన్ ముందు నిలబడి తిట్లు తినేది ఆ పక్క మంచం పిల్లవాడే. తోటి పిల్లల తోడ్పాటు అనే మాట చెప్పే పెద్దలు ఈ తిట్ల సంగతి కూడా చెప్పాలి.

ఈ బరువు ఎట్లా ఉంటుందో మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాం. పేర్లు, ఊరు వద్దు. ఇద్దరు పదో తరగతి పిల్లలు, ఒకే తండా. ఒక రాత్రి ఒకామె రెండోఆమెతో, నాకు బతకాలని లేదు, ఎవరికన్నా చెప్తే మా యాడి మీద ఒట్టే అన్నది. రెండోపిల్ల ఒట్టు వేసింది. పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు నిద్రపోకుండా పక్క మంచం చూస్తూ కూర్చుంది. బాత్రూముకు కూడా వెంట పోయింది. ఆమె తిండి తగ్గింది, క్లాసులో తూగింది, టెస్టులో మార్కులు పడిపోయాయి, దానికి దెబ్బలు కూడా తిన్నది. పన్నెండో రోజు ఉప్మా వడ్డించే వంటమ్మ, "ఏందే, కండ్లు గుంతలు వడ్డయి, ఏమైంది" అన్నందుకు ఒక్కసారిగా ఏడ్చి చెప్పేసింది. వంటమ్మ చెయ్యి కడుక్కుని నేరుగా పోయి మొదటిపిల్ల పక్కన కూర్చుంది. తర్వాత తల్లిని పిలిపించారు, ఆస్పత్రికి తీసుకుపోయారు, ఆ పిల్ల ఇప్పుడు బాగుంది. కథ సుఖంగానే ముగిసిందని అందరం అనుకున్నాం. ఒట్టు తప్పిన పిల్లను మాత్రం ఎవరూ కూర్చోబెట్టుకుని మాట్లాడలేదు. తను తప్పు చేశానని, తన వల్ల ఎవరికో ఏదో అవుతుందని చాలా ఏళ్లు భయపడుతూనే ఉంది.

ఈ సంగతిలో కాపాడింది ఎవరు? పదకొండు రాత్రులు మేలుకున్న పిల్లా, లేక వంటమ్మా? ఇద్దరూ. పిల్ల లేకపోతే విషయం వంటమ్మ దాకా వచ్చేది కాదు. వంటమ్మ లేకపోతే పిల్ల ఒక్కతే ఇంకెన్ని రాత్రులు కూర్చునేది? స్నేహితురాలు మొదట వినే చెవి. ఆ చెవి దగ్గరే అంతా ఆగిపోతే ప్రమాదం.

ప్రపంచంలో ఈ పని బాగా చేసినవాళ్లు కూడా ఇదే చెబుతున్నారు. 2000లో ఆస్ట్రేలియాలో మానసిక ప్రథమ చికిత్స అనే శిక్షణ మొదలైంది. తర్వాత ఈడు పిల్లల కోసం దానిలో వేరే పాఠం తయారు చేశారు. దాని సారం చిన్నదే. నీ స్నేహితుడిలో మార్పు గమనించు. నేరుగా అడుగు. విను. తర్వాత నమ్మదగిన పెద్ద మనిషి దగ్గరకు తీసుకుపో. ప్రాణం సంగతి వచ్చినప్పుడు రహస్యం దాచనని చెప్పు. పిల్ల డాక్టరు కానక్కర్లేదు, కాపలాదారు కానక్కర్లేదు. దారి చూపితే చాలు. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని అడిగితే ఆ ఆలోచన లేనివాళ్లకు కూడా పుడుతుందని మనవాళ్లు భయపడతారు. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి. అడగడం వల్ల లోపలి బరువు మాటలోకి వస్తుంది. మా తండాల్లో ఒట్టుకు ఉన్న విలువ మాకు తెలుసు. అందుకే పిల్లలకు ముందే చెప్పాలి: ప్రాణం మీదికి వచ్చిన మాటకు ఒట్టు పనిచేయదు. చెప్పినందుకు ఏ తల్లికీ ఏమీ కాదు. సేవాభాయా కూడా కోపగించుకోడు.

మగపిల్లల సంగతి ఇంకా గడ్డు. వాళ్లకు తీజ్ బుట్ట లేదు, ఢావ్లో లేదు. పట్టుకుని ఏడవడానికి మెడ లేదు. ఏడిస్తే ఆడదానివా అంటారు. కాబట్టి వాళ్ల రంది వేరే దారి వెతుక్కుంటుంది: గుట్కా, సారా, ఫోన్, కొట్లాట, చివరికి చెప్పాపెట్టకుండా పట్నంలో ఏ హోటల్లోనో పనికి చేరడం. వాళ్లూ ఒకరినొకరు కాచుకుంటారు, కాకపోతే మాటలతో కాదు. ఒకడు దెబ్బ తింటే ఇంకొకడు పక్కన నిలబడతాడు, ఒకడి దగ్గర పైసలు లేకపోతే ఇంకొకడు ఇస్తాడు. ఆ పక్కన నిలబడటంలో ప్రేమ ఉందని గుర్తించి, దానికి మాట నేర్పే పెద్దవాళ్లు కావాలి.

ఇంత మాట్లాడుతున్నాం కాబట్టి లెక్క కూడా చెప్పాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్ ఎవరూ మరవలేదు. ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చాయి. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా చూపించారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. తర్వాత ఫెయిలైన వారందరి పేపర్లూ మళ్లీ చూడాల్సి వచ్చింది. అప్పుడు పెద్దలు పిల్లలకు చెప్పిన మాట ధైర్యంగా ఉండమని. స్నేహితులు స్నేహితులను ఓదార్చారు. కానీ ఏ స్నేహితుడు మార్కుల కాగితం దిద్దగలడు? తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ దిద్దాలి. ఓదార్పును పిల్లలకు వదిలి, దిద్దడం ఆలస్యం చేస్తే అది మళ్లీ ఢావ్లోనే.

చట్టం ఇప్పుడు కొంత మన వైపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం అందుకోవడం హక్కు అన్నది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలి తప్ప నేరస్తుడిగా కాదన్నది. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ వచ్చింది. 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. కానీ గురుకులం పిల్ల చేతిలో సెల్‌ఫోన్ ఉండకూడదన్నది నియమం. గోడ మీద అంకె రాసి, ఫోన్ తాళం వేసిన గదిలో పెట్టి, తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంచితే ఆ అంకె ఎవరి కోసం?

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి హాస్టల్ తల్లిదండ్రుల కమిటీ చదవాలి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్‌లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. బళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ వర్తించేట్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరిని పెట్టాలంది. అంతకు తక్కువ ఉన్నచోట బయటి నిపుణులతో సంబంధం ఏర్పాటు చేసుకోవాలంది. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టవద్దంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే చట్టంగా నిలుస్తాయి. మా పిల్లలు చదివే గురుకులాల్లో వందల మంది ఉంటారు. అంటే లెక్క ప్రకారం ప్రతి గురుకులంలో ఒక మనిషి కూర్చుని ఉండాలి. పీర్ సపోర్ట్ క్లబ్బు పెట్టి, బ్యాడ్జీలు పంచి, ఫొటో దిగి, ఆ మనిషిని పెట్టకుండా ఊరుకుంటే మనం ఊరుకోకూడదు.

చివరిది, మాకు అన్నింటికంటే ఇబ్బందైనది: మా రాతలు. గిరిజన రచయితలం భూమి గురించి రాశాం, వలస గురించి రాశాం, సారా గురించి, పోలీసు దెబ్బల గురించి, ఆడపిల్లల అమ్మకం గురించి రాశాం. అవి రాయక తప్పదు. కానీ వాటన్నింటిలో పిల్ల ఎక్కడ ఉంది? తల్లి కష్టానికి సాక్షిగా ఒక మూలన నిలబడి ఉంటుంది. లేదా చివరి పేరాలో పలక పట్టుకుని బడికి పోతూ మనకు ఆశ కలిగిస్తుంది. బడి లోపలికి పోయిన తర్వాత ఆ పిల్లకు ఏమైందో రాసింది తక్కువ. హాస్టల్ గేటు దగ్గర మా కలం ఆగిపోయింది. ఎందుకంటే చదువు మాకు విముక్తి. విముక్తిలో ఏడుపు ఉందని రాస్తే పై కులాల వాళ్ల ముందు చులకన అవుతామనే భయం.

2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివిన మా తండా బిడ్డ. ఆమెతోపాటు అదే యాత్రలో గురుకులం విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. మేము ఎన్ని కవితలు రాశామో! రాయాల్సిందే. కానీ ఆ కవితల్లో చాలావాటిలో మా బిడ్డ భయమెరగనిది, నొప్పెరగనిది. కొండ ఎక్కేవాళ్లకు తాడు ఉంటుంది, వెంట షెర్పాలు ఉంటారు, కింద బేస్ క్యాంపులో మనుషులు ఉంటారు. ఆ తాడు గురించి మేము రాయలేదు. ధైర్యం ఒక్కటే రాశాం. ఆ కవిత చదివిన ఇంకో తండా పిల్ల, డార్మిటరీలో రాత్రి భయపడిన పిల్ల, తాను తండా బిడ్డనే కానేమో అనుకునేటట్టు రాశాం. ఓర్చుకోవడమే మా జాతి గుణమని పొగిడినప్పుడల్లా, ఓర్చుకోలేని పిల్ల నోరు మేమే నొక్కాం. రేగుముళ్ల కొమ్మ ఊపే చేతుల్లో మా చెయ్యి కూడా ఉంది.

కాబట్టి మా తోటి రచయితలకు మా విన్నపం. హాస్టల్ గేటు దాటి లోపలికి రండి. దీపాలు ఆర్పిన తర్వాత డార్మిటరీలో జరిగే మాటలు రాయండి. ఒట్టు వేసిన పిల్లను రాయండి, ఒట్టు తప్పిన పిల్లను ఇంకా ఎక్కువ ప్రేమతో రాయండి. వంటమ్మను రాయండి. రంది, బుగులు, యాష్ట అనే మాటలను, గోర్‌బోలీలో, చెంచు నోట ఉన్న మాటలను కథల్లోకి, గోడల మీదికి తెండి. మగపిల్లవాడు ఏడ్చే ఒక్క కథ అయినా రాయండి, ఆ కథలో వాణ్ని ఎవరూ నవ్వకుండా చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. సెలవుల్లో పిల్ల ఇంటికి వచ్చినప్పుడు మార్కులు అడిగే ముందు, అక్కడ నీ పక్క మంచం ఎవరిదని అడగండి. ఆ పక్క మంచం పిల్లకు కూడా నాలుగు అప్పాలు పంపండి. గురుకులానికి పోయినప్పుడు, ఇక్కడ కౌన్సిలర్ ఎవరు, ఎప్పుడు వస్తారు, ఫోన్ ఎక్కడ ఉందని అడగండి. తండా పంచాయతీ తీర్మానం రాసి అడిగితే ఇంకా మంచిది. మన నాయక్ ముద్ర తీజ్ అనుమతికే కాదు, ఇట్లాంటివాటికి కూడా పనికిరావాలి.

పెబ్బేరు బస్టాండులో ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఇంకా చిన్నదాని భుజం మీద చెయ్యి వేసే ఉంది. ఆ చేతిని మేము మెచ్చుకోవడం మానం. కానీ ఇకమీదట ఆమెను మెచ్చుకునేటప్పుడు, ఆమె వెనక ఎవరైనా నిలబడి ఉన్నారా అని కూడా చూస్తాం. లేకపోతే పోయి మేమే నిలబడాలి.